పెద్దమ్మ దమ్ము

నిజాం పోయిన కొత్తల, వికారాబాద్ చర్చిల మా ఆడోళ్ల పాటల గుంపును మా పెద్దమ్మే నడిపేది. మాకు చదువు రాదు. మర్పల్లి చేన్లల్ల కలుపు తీసుకుంటనే ఆమె ఒక్కో వరుస పాడితే, మేం అందుకొని నేర్చుకున్నం. ఆమెకు దమ్ము రోగం. రెండో చరణం ముంగట ఆగి, గట్టిగ ఊపిరి గుంజుకునేది. అదీ పాటనే అనుకొని మేమూ ఆగేటోళ్లం.

పెద్దమ్మ చచ్చిపోయినంక కొత్త పాస్టరమ్మ హార్మోనియం పట్టుకొచ్చి, "గక్కడ ఎందుకు ఆగుతరు? పాటల గట్ల లేదు" అని కోపం చేసింది. పెట్టె ఆమెది గని పాట మాది. అయినా సరే, ఇగ ఆగకుంట పాడుతమన్నం.

ఆదివారం రెండో చరణం రాంగనే పదకొండు మంది నోర్లు ఒక్కసారే ఆగినయి. హార్మోనియం గూడ ఆగింది. నా పక్కన పెద్దమ్మకు విడిచిపెట్టిన జాగల, ఎవరో గట్టిగ ఊపిరి గుంజుకున్నరు.