నాయుడుపేట దారిలో ఊడిన బెల్టు

తడ చేరేసరికి మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. తుఫాను దాటి రెండు రోజులైంది. సన్నగా వాన పడుతోంది. రోడ్డు పక్కన తాటిచెట్లు తలలు లేకుండా నిలబడి ఉన్నాయి. సాయానికి వచ్చిన సిపాయిలం మేము పన్నెండు మందిమి. ఒక లారీ, ఒక చిన్న వ్యాను, ఒక వైర్‌లెస్ సెట్టు, నలభై టార్పాలిన్లు, ఆరు డ్రమ్ముల బ్లీచింగ్ పొడి. వ్యాను నాది. అంటే సర్కారుదే, తోలేది నేను. వెనక రెండు స్ట్రెచర్లు పడతాయి. తాళంచెవికి పసుపుతాడుతో ఒక మందపాటి ఇనుప వాషరు కట్టుకున్నాను. దసరాకి ఆయుధపూజ నాడు కట్టుకున్నది అది.

ఊళ్ళో ఎవరు కనబడినా యుద్ధం సంగతి చెప్పమంటారు. అరవైల్లో నేను మంచు కొండల్లోనూ పనిచేశాను. అడిగితే అక్కడి సంగతులు చెప్తాను, చెప్పి అన్నం తిని పడుకుంటాను. ఈ ఇరవై మూడు రోజుల డ్యూటీ మాత్రం మా మనుబోలుకి బస్సు దూరంలో జరిగింది. తుపాకీ పేలలేదు. దీని గురించి ఇంతవరకూ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

బడి వరండాలో మకాం పెట్టాం. హవల్దారు చిత్తూరు వైపు మనిషి. పొట్టి, కోపిష్టి, అన్యాయం చేసేవాడు కాదు. సాయంత్రం అయిదింటికి అందర్నీ వరసగా నిలబెట్టి పని పంచాడు. లారీ బియ్యం మోయాలి. వ్యాను పులికాట్ సరస్సు ఒడ్డు పాళేలకి పోయి, జబ్బుపడ్డవాళ్ళని రోడ్డు మీదికి తేవాలి.

"నువ్వు ఆగిపోయినా నాకేం బాధ లేదు, బండి ఆగకూడదు. తెలిసిందా?" అన్నాడు నాతో.

"తెలిసింది సార్."

మర్నాడు తొమ్మిదింటికి, మొదటి ట్రిప్పులోనే ఫ్యాన్ బెల్టు ఊడింది.

బండి తోలనివాళ్ళకి చెప్తాను. ఇంజను ముందు మూడు కప్పీలు ఉంటాయి. కింద ఇంజనుది, పైన ఫ్యానుది, పక్కన డైనమోది. మూడింటినీ చుట్టి ఒక రబ్బరు బెల్టు తిరుగుతుంది. అది ఊడితే ఫ్యాను ఆగుతుంది, ఇంజనులో నీళ్ళు తిరగవు. పది నిమిషాల్లో మరిగి పొగలు కక్కుతుంది. ఆపి, చల్లారబెట్టి, నీళ్ళు పోసి, బెల్టు ఎక్కించాలి. ముప్పావుగంట పని.

ఆ రోజు మూడుసార్లు ఊడింది. బిగించాను. ఇంకా బిగించాను. మర్నాడు లారీలో ఉన్న కొత్త బెల్టు వేశాను. కొత్తదీ ఊడింది. ఇసుకలో ఇంజను గట్టిగా లాగినప్పుడల్లా టప్పుమని చప్పుడు, తర్వాత కాలిన రబ్బరు వాసన. ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని తోలేవాణ్ణి. కుదురుగా కూర్చోవడం మరిచిపోయాను. అన్నం తింటూ లేచిపోయి బానెట్టు ఎత్తి చూసేవాణ్ణి. ఏం చూడాలో తెలిస్తే గదా.

వైర్‌లెస్ ఆపరేటరుకి నేనో కాలక్షేపం. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకునే అడిగేవాడు. "పైనుంచి అడుగుతున్నారు, వ్యాను నడుస్తోందా, కూర్చుందా? ఏం చెప్పను?"

"నడుస్తోందని చెప్పు."

"నడుస్తోంది, ఓవర్" అని సెట్టులో చెప్పి, నాకేసి తిరిగి, "నీ బెల్టుకి నీ మీద ఏం కోపమయ్యా, సంసారం చెయ్యనంటోంది" అనేవాడు.

హవల్దారు నవ్వలేదు. "ఇంకోసారి ఊడిందో, నీ నడుముకున్నది ఊడదీసి దానికి కడతాను."

మూడో రోజు వాన తెరిపిచ్చింది. మేమున్నన్నాళ్ళూ మళ్ళీ చుక్క పడలేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

నాలుగో రోజు తడకి అయిదు మైళ్ళ లోపల ఒక పాళెంలో ఆగిపోయాను. చేపలు పట్టేవాళ్ళ పాళెం. ఇరవై ఇళ్ళలో నాలుగు నిలిచాయి. ఒక పెద్దాయన బోర్లించిన పడవ సందుల్లో గుగ్గిలం పూస్తున్నాడు. పేరు పోలయ్య. ఆయన కొడుకు గోవిందు కూలిన ఇంటి వాసాలు లాగుతున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మంచి ఒడ్డూ పొడుగూ. నాకు ఆలోచన తట్టింది. గుగ్గిలం పొడి చల్లితే బెల్టు జారకుండా పట్టుకుంటుంది గదా.

"తాతా, కాస్త గుగ్గిలం ఇస్తావా?"

ఇచ్చాడు. నేను బెల్టుకి రాస్తుంటే చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూశాడు.

"అబ్బయా, ఇది జారి ఊడేది కాదు. మా తెరచాప తాడు గూడా కప్పీ సూటిగా లేకపోతే ఇట్టాగే పక్కకి దాటుకుంటది. ఓ తూరి దారం పట్టి చూడు, మూడూ ఒక వరసన ఉండాయో లేదో."

"ఇది పడవ కాదు తాతా, మోటారు. నీ పని నువ్వు చూసుకో."

"సరే నాయనా" అని పడవ దగ్గరికి పోయాడు. గోవిందు నావైపు చూసి నవ్వాడు. వాడు అప్పటికే కాలికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. వాసానికున్న తుప్పుమేకు దిగిందట. మా నర్సింగ్ సిపాయి చూడబోతే, "మేకులకేముందన్నా, రోజూ దిగతానే ఉంటాయి" అని తోసేశాడు. గుగ్గిలం రెండు మైళ్ళు పనిచేసింది. తర్వాత బెల్టు ఊడింది.

పన్నెండో రోజు పొద్దున ఆరున్నరకి పోలయ్య తడకి పరిగెత్తుకుంటూ వచ్చాడు. అయిదు మైళ్ళు. రొప్పుతూనే చెప్పాడు. "నా బిడ్డ నోరు తెరవలేకపోతన్నాడు సామీ. గంజి గూడా లోపలికి పోవడంలే."

నర్సింగ్ సిపాయి ముఖం మారింది. "కాలికి మేకు దిగినవాడే గదా? ధనుర్వాతం" అన్నాడు. మా దగ్గర దానికి మందు లేదు. ఆపరేటరు సెట్టు ముందు కూర్చున్నాడు. అయిదు నిమిషాలకి కాగితం తెచ్చాడు, ఈసారి పరాచికం ఆడలేదు. "నాయుడుపేట ఆసుపత్రిలో మందు ఉంది. ఎంత తొందరగా తెస్తే అంత మంచిదట."

హవల్దారు నా భుజం మీద చెయ్యి వేశాడు. లారీ బియ్యానికి గూడూరు పోయి ఉంది. నా బండి తప్ప ఇంకోటి లేదు. "పో" అన్నాడు, అంతే.

పాళెంలో గోవిందుని ఎక్కించుకుని బయల్దేరినప్పుడు ఏడూ పది. ముప్పై మూడు మైళ్ళు. గంటన్నర దారి. వెనక నర్సింగ్ సిపాయి, పోలయ్య. కిటికీలకి కంబళ్ళు కట్టాం, వెలుతురు పడితే ఒళ్ళు బిగుసుకుపోతుందని. చప్పుడు అయినా అంతే. కుదిపినా అంతే.

ఏడూ నలభైకి మొదటిసారి ఊడింది. బానెట్టు అలవాటుగా ధడేల్‌మని వేశాను. వెనక గోవిందు వెన్ను స్ట్రెచరు మీంచి పైకి లేచింది. పళ్ళు కరుచుకున్న చప్పుడు నాకు ముందుకి వినబడింది. "మెల్లగా వెయ్యవయ్యా" అని సిపాయి అరిచాడు, అరిచినందుకు తనే నోరు మూసుకున్నాడు. తర్వాత నుంచి బానెట్టుని రెండు చేతుల్తో పట్టి దించాను.

రెండోసారి తడకి ఇవతల. మూడోసారి సూళ్ళూరుపేట దాటాక, తొమ్మిదిన్నరకి. కాలవలోంచి బకెట్టుతో నీళ్ళు మోశాను. రేడియేటరు మూత తీస్తే ఆవిరి కొట్టి మోచెయ్యి బొబ్బలెక్కింది. నొప్పి తెలియలేదు. చల్లారేదాకా బండి చుట్టూ తిరిగాను. తిరగడం తప్ప చేతిలో పనేం లేదు. రోడ్డు మీద ఎద్దుబళ్ళు మమ్మల్ని దాటుకుని పోయాయి. ఎద్దుబళ్ళు.

నాలుగోసారి పది యాభైకి ఊడింది. ఇంకా పది మైళ్ళుంది. నేను బంపరు మీద కూలబడ్డాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, ఏడ్చాను.

పోలయ్య దిగి వచ్చాడు. మొలలోంచి వలదారం తీశాడు, ఒక కొస నా చేతికిచ్చాడు. "ఆ కింద కప్పీకి ఆనించి పట్టు నాయనా." రెండో కొస ఫ్యాను కప్పీ మీదుగా లాగాడు. దారం రెండింటికీ సరిగ్గా ఆనింది. తర్వాత డైనమో మీదికి లాగాడు. దారానికీ డైనమో కప్పీకీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు.

"చూడు. ఇది ఎనక్కి ఉండాది. దీనికీ ఆ ఇనుముకీ నడాన బిళ్ళేదో ఉండాల. తీసినారా ఎవురన్నా?"

స్పానరు పెట్టి డైనమో బోల్టు విప్పాను. బ్రాకెట్టు మీద గుండ్రంగా ఒక మచ్చ కనిపించింది. ఏళ్ళ తరబడి ఏదో ఆని ఉండటంతో అక్కడ మాత్రం తుప్పు లేదు. బోల్టు పట్టుకున్న చేతిలోనే తాళంచెవి ఉంది. తాళంచెవికి పసుపుతాడు. తాడుకి వాషరు.

మా ఇంట్లో ఆయుధపూజకి నాగలి, పలుగు, కొడవలి అన్నీ పిడి నుంచి ఊడదీసి, కడిగి, బొట్టు పెట్టి మళ్ళీ బిగిస్తారు. నా బండికీ అలాగే చెయ్యాలని బుద్ధి పుట్టింది. డైనమో విప్పడం ఫిట్టరు పని, నాది కాదు. ఫిట్టరు సెలవులో ఉన్నాడు. విప్పాను, కిరసనాయిలుతో కడిగాను, పళ్ళెంలో పెట్టి పూజ చేశాను. పరేడు టైమవుతోందని హడావిడిగా బిగించాను. పళ్ళెంలో ఒక వాషరు మిగిలింది, కుంకుమ అంటుకుని. పక్క బండిదేమో అనుకున్నాను. పూజలో పెట్టింది పారేస్తే మంచిది కాదని తాళంచెవికి కట్టుకున్నాను. బండికి రక్షగా ఉంటుందని. తర్వాత రెండు నెలలు బండి యూనిట్ దాటలేదు. గూడూరు దాకా రైల్లో వచ్చింది, అక్కడి నుంచి లారీ వెనక మెల్లగా. ఇసుకలో లాగాకే తప్పు బయటపడింది.

పోలయ్య ఆ వాషరుని చూశాడు. నన్ను చూశాడు. వాషరుకి అంటుకున్న కుంకుమనీ చూశాడు. ఆయనకి అంతా అర్థమైంది. పళ్ళతో పసుపుతాడు కొరికి వాషరు తీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఎయ్యబ్బయా."

వేశాను. సరిగ్గా కూర్చుంది. నేను బోల్టు బిగిస్తుంటే ఆయన జానెడు వలదారం తెంపి తాళంచెవికి ముడేశాడు. "పారేసుకోబోకు" అని ఇచ్చాడు. ఆ తర్వాత బెల్టు ఊడలేదు. ఆ రోజే కాదు, నేను ఆ బండి తోలిన మిగతా నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఊడలేదు.

నాయుడుపేట ఆసుపత్రి ముందు ఆగేసరికి పన్నెండూ నలభై.

సూది వేశారు, చీకటి గదిలో పడుకోబెట్టారు. పోలయ్య వరండాలో కూర్చున్నాడు. నేను బండి దగ్గర కూర్చున్నాను. ఆయనకి టీ తెచ్చిస్తే తాగాడు. నేను ఏదో చెప్పబోయినప్పుడల్లా చెయ్యి ఎత్తి వద్దన్నాడు. మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి గోవిందు పోయాడు.

"మేకు దిగిన రోజే వచ్చుండాల్సింది. నాలుగు గంటలు ముందు తెచ్చినా ఏమయ్యేదో చెప్పలేం" అన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని తేలిపోదామని చాలాసార్లు చూశాను. చెప్పలేం అన్నాడు గానీ, బతికేవాడు కాదని అనలేదు.

పదకొండింటికి హవల్దారు లారీలో వచ్చాడు. టోపీ తీసి పోలయ్య ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి నోట్‌బుక్ తీసి నావైపు తిరిగాడు. "గంటన్నర దారికి అయిదున్నర గంటలు. రిపోర్టు రాయాలి. ఏమైంది?"

నేను అటెన్షన్‌లో నిలబడ్డాను. చెప్పెయ్యాలనే నోరు తెరిచాను. ఒట్టు, చెప్పేవాణ్ణే.

స్తంభం దగ్గర గొంతుక్కూర్చున్న పోలయ్య లేచాడు. "దారి బాగలేదు సామీ. అంతా బురద. బండి ఆడాడ కూరకపోయింది. ఈ అబ్బయ్యేం చేస్తాడు, దిగి తోసుకుంటా వచ్చినాం."

హవల్దారు ఆయన ముఖంలోకి చూశాడు. వ్యాను చక్రాల వైపు చూశాడు. రాసుకున్నాడు. కింద డ్రైవరు సంతకం ఉండాలి. నా చేతికి పెన్ను ఇచ్చాడు. పెట్టాను.

ఇరవై మూడో రోజు సామాను కట్టేశాం. నెల్లూరులో రైలెక్కాలి. మనుబోలు దగ్గర హవల్దారు బళ్ళు ఆపించాడు. "పది నిమిషాలు. మీ అమ్మని చూసుకుని రా" అన్నాడు. నన్ను సర్కారు బండిలో చూసి మా అమ్మ సంతోషం పట్టలేకపోయింది. లోపలికి పరిగెత్తి పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపి తెచ్చింది. నాకూ బండికీ కలిపి మూడుసార్లు దిష్టి తీసి, ఆ నీళ్ళు ముందు చక్రం మీద కుమ్మరించింది. చక్రానికి పట్టిన ఇరవై రోజుల తెల్లదుమ్ము తడిసి, ఎర్రగా జారి, కింద చిన్న మడుగు కట్టింది. "అట్టా దిగాలుగా ఉండావేంది నాయనా, ఒంట్లో బాలేదా?" అంది అమ్మ. నేను ఆ మడుగు వైపే చూస్తూ నిలబడ్డాను. వాన తెరిపిచ్చినప్పటి నుంచీ నా చక్రాలు చూసిన బురద అదొక్కటే.