డోలీ ఎక్కిన మా అయ్య

డోలీ మోయడంలో మా అయ్యను మించినవాడు మా కొండ మీద లేడు. కూతుర్ని కాబట్టి చెబుతున్న మాట కాదిది. ఆయనే రోజూ చెబుతాడు. పురిటి నొప్పులవాళ్లనూ, పాము కరిచినవాళ్లనూ కర్రకు దుప్పటి కట్టి రోడ్డు దాకా దించాడు. తాను మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు.

మొన్న చలికాలం పొద్దున్నే కాఫీ గింజలు ఆరబోస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. అంత చలిలోనూ ఒళ్లంతా చెమట. “గ్యాసే. అల్లం నమిలితే పోద్ది,” అన్నాడు. నేను ఆశా వర్కర్ని. ఎడమ చెయ్యి కూడా లాగుతోందంటే అది అల్లానికి లొంగే గ్యాసు కాదని నాకు తెలుసు. అంబులెన్సుకు ఫోన్ చేశాను. అది రోడ్డు మీదే ఆగుతుంది, మా ఊరికి రాదు. “అడుగు కింద పెట్టినావంటే సూడు!” అని బెదిరించి డోలీ ఎక్కించాను. ముందు మా అన్న, వెనక మా ఆయన ఎత్తుకున్నారు.

ఎక్కిన దగ్గర్నుంచీ ఒకటే సణుగుడు. “ఒరే, అలా ఊపుతావేట్రా? గుమ్మడికాయలు మోత్తన్నావా?” “అల్లుడూ, దిగుడులో పొడుగోడు ముందుండాల. ఆమాత్రం తెల్దేటి?” నొప్పికంటే వాళ్ల మోతే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. వాగు దగ్గర భుజం మార్చుకోవడానికి డోలీ దించారో లేదో, ఈయన గబుక్కున లేచి మా ఆయన్ని పక్కకి నెట్టి కర్ర భుజాన వేసుకున్నాడు. “సూడండ్రా, ఇలాగెత్తాల!”

ఓలమ్మో! గుండె నొప్పి మనిషి ఖాళీ డోలీ మోస్తున్నాడు, మోయాల్సినవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నా నోటికొచ్చిన తిట్లు ఇక్కడ రాయను. నాలుగడుగులు వేశాడో లేదో కర్ర జారింది. మొహం పాలిపోయింది. ఎవరూ చెప్పకుండానే వెళ్లి దుప్పట్లో పడుకున్నాడు. ఆ తర్వాత ఎంత ఊగినా కిక్కురుమనలేదు. అప్పుడు నిజంగా భయం వేసింది నాకు. “అయ్యా, తిట్టు. అన్నని ఒక్క తిట్టు తిట్టు,” అని దారంతా బతిమాలాను.

అంబులెన్సు చేర్చిన కొండ కింది ఆస్పత్రిలో ఈసీజీ తీసి ఫోన్లో పట్నం గుండె డాక్టరుకి పంపారు. ఇదివరకు ఇలాంటివాళ్లు పట్నం చేరకుండా దారిలోనే పోవడం నేను చూశాను. ఇప్పుడు రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇక్కడే ఇస్తున్నారు. సూది వేసేముందు మా డాక్టరుగారు, “బరువేమైనా ఎత్తాడా?” అని అడిగారు. అయ్య నా వంక బెరుగ్గా చూసి, “ఖాళీదే బాబూ,” అన్నాడు.

సూది పడ్డ కొంతసేపటికి ఆయన చెయ్యి నా చేతిలోంచి జారి మంచం పక్కన వేలాడింది. కళ్లు మూసుకుపోయాయి. “మా అయ్య పోనాడమ్మో!” అని వార్డు దద్దరిల్లేలా అరిచాను. నర్సమ్మ పరుగున వచ్చి, మానిటర్ చూసి, నన్ను చూసి, “నొప్పి తగ్గి నిద్దరోతన్నాడే తల్లీ. గురక ఇనబళ్లేదేటి?” అంది.

అప్పుడు విన్నాను. ఇంట్లో ఆ గురక భరించలేక చాప ఈడ్చుకుని పెరట్లోకి పోయేదాన్ని. ఆ రోజు మంచం పక్కన నేల మీద కూలబడి, అది ఆగకూడదని వింటూ ఏడ్చాను.