పక్కింటాయన ప్రమాణం

డెబ్బైల్లో, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింటి పెద్దాయనకు ఎప్పుడో పోయిన వాళ్ల నాన్న తప్ప వేరే లోకం లేదు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి, ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. నేను మంచు ఎత్తిపోస్తున్నా, చెత్త బయట పెడుతున్నా వచ్చి అదే కథ మొదలుపెట్టేవాడు. నాన్న చిన్న వయసులోనే కత్తి పట్టి, అప్పట్లో వాళ్ల దేశాన్ని ఏలుతున్న స్పెయిన్ మీద తిరగబడ్డాడు, ఆపైన స్పెయిన్ స్థానంలో దిగిన అమెరికా సైన్యం మీద కొండల్లో పోరాడి పట్టుబడ్డాడు, తర్వాత లాయరై అమెరికా పాలనలోనే అక్కడి శాసనసభలో కూర్చున్నాడు. మధ్యలో ఒక్క ముక్క మాత్రం గొంతు తగ్గించి చెప్పేవాడు. జైలు నుంచి బయటపడటానికి ఆ నాన్న అమెరికాకు విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేశాడట.

ఎప్పటిదో ఆ ప్రమాణం వచ్చి నా నెత్తిన పడింది. మనీలాలో ఆయన అల్లుణ్ణి, ఎదురు మాట్లాడాడని, అక్కడి నియంత జైల్లో పెట్టించాడు. కూతురు పిల్లలతో బిక్కుబిక్కుమంటూ ఉంది. పెళ్లయిన కూతుర్ని ఇక్కడికి రప్పించడానికి అప్లై చేయాలంటే ఈయన ముందు సిటిజన్ కావాలి. పరీక్ష పాసయ్యాడు గానీ, కోర్టులో అదే విధేయతా ప్రమాణం చేయడానికి పిలిస్తే కడుపునొప్పి అని మానేశాడు. మళ్లీ పిలుపొస్తే నేనే లీవ్ పెట్టి డ్రైవ్ చేస్తానన్నాను. బుద్ధి తక్కువై!

ఆ పొద్దున అంత చలిలో కోటు లేకుండా, నాన్న శాసనసభకు వేసుకెళ్లిన, అనాస ఆకుల నారతో నేసిన పల్చటి చొక్కాతో వచ్చి కార్‌లో కూర్చున్నాడు. స్టార్ట్ చేయగానే దిగిపోవడానికి తలుపు తీశాడు.

"మా నాన్న గుండెకెదురుగా తుపాకీ ఉంది, చేశాడు. నాకేముందని చేయాలి?"

ఒళ్లు మండిపోయింది. "మీ కూతురుంది సార్!" అని అరిచాను.

గుమ్మంలోంచి మా ఆవిడ తెలుగులో అందుకుంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? లీవ్ క్యాన్సిల్ చేసుకుని ఆఫీస్‌కి వెళ్లిపోండి."

నిజమే అనిపించింది. విసుగుతోనే ఆఖరిసారి అడిగాను. "ప్రమాణం చేశాక మీ నాన్న నోరు మూసుకున్నారా?"

"మూసుకోవడమా? సభలో లేచినప్పుడల్లా స్వాతంత్ర్యం ఎప్పుడిస్తారని ఆ అమెరికావాళ్లనే నిలదీసేవాడు!"

అని, కాలు లోపలికి తీసుకుని తలుపు వేసుకున్నాడు.

డెట్రాయిట్ కోర్టులో చెయ్యెత్తి, అందరికంటే గట్టిగా ప్రమాణం చదివాడు. హమ్మయ్య, పీడ వదిలిందనుకున్నాను. వెనక్కి వస్తూ హైవే ఎక్కామో లేదో మళ్లీ మొదలుపెట్టాడు.

"మన కాంగ్రెస్ సభ్యుడి ఆఫీస్ ఎక్కడ?"

"ముందు కూతురికి అప్లై చేయండి సార్!"

"సాయంత్రం చేస్తాను. మా అల్లుణ్ణి లోపలేసినవాడికి ఈ దేశం తుపాకులెందుకిస్తోందో అడగాలి. పొద్దున అడిగితే నేను పరాయివాణ్ణి. ఇప్పుడు జవాబు చెప్పి తీరాలి."

లీవ్ ఎలాగూ పోయింది. తిట్టుకుంటూ ఆ ఆఫీస్ వైపు వెళ్లే ఎగ్జిట్ తీసుకున్నాను.