ఇంజన్ ఆయిలు గిట్టుబాటు

యాభయ్యేళ్ళు దాటాక నేను స్పోర్ట్స్ కారు కొనుక్కున్నాను. కొత్తది కాదు, పాతదే. విశాఖపట్నంలో ఒక ఎముకల డాక్టరు, మోకాళ్ళ నొప్పులొచ్చి అందులోంచి లేవలేక అమ్మేశాడు. రెండే తలుపులు. వెనక సీటని ఒకటుంది గానీ అందులో మనిషి కంటే హ్యాండ్‌బ్యాగే సుఖంగా కూర్చుంటుంది. నేను అనకాపల్లిలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ని. చిన్నప్పటినుంచీ ఉన్న ముచ్చట, నా డబ్బుతో తీర్చుకున్నాను. మా ఆయన అడ్డు చెప్పలేదు. ఆయనకి పప్పుల హోల్‌సేల్ కొట్టుంది. "నీ సరదా నీది" అని బేరాల్లో పడిపోయారు.

మొదటిసారి ఆయిలు మార్పించడానికి విశాఖపట్నం వెళ్ళినప్పుడు తోడు రమ్మన్నాను. అదే పొరపాటయింది. కౌంటర్లో అబ్బాయి ఇచ్చిన బిల్లు చూసి ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏటి బాబూ ఇది? ఇంజన్లో పోసింది నూనేనా, నెయ్యా?"

"సింథటిక్ ఆయిల్ సార్. ఎనిమిది లీటర్లు పడుతుంది. ఫిల్టరు కూడా బయటనుంచి తెప్పించాలి. కింద కవరంతా విప్పితే గానీ చెయ్యి దూరదు."

"నాలుగు బస్తాల కందిపప్పొత్తాది కదయ్యా దీనికి! ఏడాదంతా కలిపి ఇది తిరిగిందెంత? వారానికోసారి కాలేజీకెళ్ళి వచ్చింది."

"తిరక్కపోయినా మార్చాలి సార్. ఏడాది గానీ, పదివేల కిలోమీటర్లు గానీ, ఏది ముందొస్తే అప్పుడు."

ఆయన ఆ వాక్యంలో సగమే విన్నారు. వచ్చేటప్పుడు లంకెలపాలెం దాటేదాకా వేళ్ళ మీద లెక్కలేసుకున్నారు. తర్వాత ఒక్కసారిగా మొహం వెలిగింది.

"ఏమే, తిరిగినా తిరక్కపోయినా మార్చాలన్నాడు కదా. అలాంటప్పుడు తిప్పకపోతే నట్టం మనదే. ఎంత తిప్పితే కిలోమీటరుకి నూనె ఖర్చు అంత పడిపోద్ది."

"పదివేలని కూడా అన్నాడండీ."

"అదలా అంటాడులే. తాళాలియ్యి."

మర్నాటినుంచి కారు ఆయనది, బస్సు నాది. కొట్టుకి కార్లోనే వెళ్ళేవారు. పాతిక కిలోల పెసరపప్పు బస్తా పక్క సీట్లో పెడితే మనిషనుకుని కారు కుయ్యోమని అరిచేది. అందుకని బస్తాకి బెల్టు పెట్టేవారు. నూకాలమ్మ గుడి వీధిలో బెల్టు పెట్టుకున్న బస్తా పక్కన మా ఆయన ఠీవిగా వెళ్తుంటే జనం ఆగి చూసేవారు.

బేరాలతో కిలోమీటర్లు చాలలేదు. చుట్టాల మీద పడ్డారు. మాకవరపాలెంలో ఎవరిదో చెవులు కుట్టే వేడుకకి వెళ్ళాం. ఆ పిల్ల మాకేమవుతుందో భోజనాలయ్యేదాకా నాకు తెలియలేదు. మునగపాకలో ఆయన పిన్నిగారిని గుడికి తీసుకెళ్ళాం. ఎక్కించడం తేలికే. దింపడానికే ముందొకరు లాగి, వెనకొకరు ఎత్తవలసి వచ్చింది. "నన్ను బావిలోంచి తీత్తన్నట్టు తీత్తన్నార్రా" అని ఆవిడ ఒకటే నవ్వు.

చుట్టాలందరూ అయిపోయాక ఒక్కరే మిగిలారు. ఎస్. రాయవరం దగ్గర పల్లెలో ఉండే ఆయన అక్కగారు. మా అత్తగారి ఇత్తడి గుండిగ ఎవరికి రావాలన్న దగ్గర మాట పెరిగి, ఏళ్ళ తరబడి రాకపోకల్లేవు. మా ఆయన రెండు ఆదివారాలు తటపటాయించారు. మూడో ఆదివారం, "అక్కడికెళ్ళొత్తే మంచి దూరం కలుస్తాది" అని నాకంటే తనకే చెప్పుకుని బయల్దేరారు.

ఆవిడ వాకిట్లో మినుములు చెరుగుతోంది. కారుని చూసింది. అందులోంచి స్టీరింగు పట్టుకుని పైకి లేవడానికి తంటాలు పడుతున్న తమ్ముణ్ణి చూసింది. చేట కింద పెట్టలేదు.

"ఏటిలాగొచ్చేవు?"

మా ఆయనకి అబద్ధం చేతకాదు. ఆయిలు సంగతంతా మొదలునుంచి చెప్పారు, బిల్లుతో సహా.

"అంటే నన్ను సూడ్డానికొచ్చేవా, నూనె అరగదియ్యడానికొచ్చేవా?"

"రెండూనే అప్పా."

ఆవిడ కాసేపు బిగబట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. చేటలో మినుములు సగం నేల మీద పడ్డాయి. ఆ తర్వాత కోడిని కోయించింది. భోజనాలయ్యాక కారెక్కుతానంది. ఆవిడ ముందు కూర్చుంటే నేను వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. చెరుకు తోటల మధ్య ఒక చుట్టు తిరిగాం.

"ఇంత డబ్బెట్టి ఇంత కిందన కూకోడమేట్రా? ఊరందరి నడుములే కనపడతన్నాయి, మొకాలు కనపడట్లేదు" అంది ఆవిడ. దిగమంటే మాత్రం ఇంకో చుట్టు తిప్పమంది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం రాయవరమే. గుండిగ మాట ఇద్దరూ ఎత్తలేదు. అది ఆవిడ వంటింట్లోనే, అందరికీ కనపడేలా ఉంది.

ఏడాది ఇంకా నిండలేదు, ఆయిలు మార్చమని కారులో పసుపు లైటు వెలిగింది. ఆయన సర్వీసు వాళ్ళకి ఫోను చేసి గట్టిగా వాదించారు. అవతలి అబ్బాయి పాత వాక్యమే మొత్తం చెప్పాడు. ఈసారి పూర్తిగా వినబడింది. ఫోను పెట్టేసి నా వైపు చూశారు.

"నువ్వప్పుడే చెప్పేవు కదూ."

"చెప్పాను."

"గట్టిగా చెప్పొద్దూ?"

ఆయిలు మార్పించక తప్పలేదు. బిల్లు కట్టాక ఆయన కౌంటరు దగ్గరే నిలబడి, "మా పాత నూనె మాకిచ్చీండి" అన్నారు. ఎవరూ అలా అడగరని వాళ్ళన్నారు. డబ్బు మాదైనప్పుడు నూనె కూడా మాదేనన్నారు ఈయన. చివరికి నల్లటి ఆయిలు పెద్ద డబ్బాలో పోసి ఇచ్చారు. దాన్ని నా ఒళ్ళో పెట్టుకుని అనకాపల్లి వచ్చాను.

వారం రోజులు మా ఇల్లు ఇంజన్ వాసనే. కొట్టు షట్టరుకి పూశారు, గేటు బందులకి పూశారు, చెదలు పట్టకుండా పెరటి గుంజలకి పూశారు. ఒక్కొక్కటి పూసినప్పుడల్లా బిల్లులోంచి కొంత తీసేసుకునేవారు. నా రెండు చీరలు కూడా పోయాయి గానీ అవి లెక్కలోకి రాలేదు.

మిగిలింది ఆదివారం రాయవరం పట్టుకెళ్ళాం. ఆవిడ పశువుల పాక గుంజలకి అక్కాతమ్ముళ్ళిద్దరూ చెరో గుడ్డముక్క పట్టుకుని సాయంత్రందాకా పూశారు. ఇద్దరి మొహాలూ నల్లగా అయిపోయాయి. నేను గట్టు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను.

డబ్బా బోర్లించి ఆఖరి చుక్క కూడా పిండాక ఆవిడ నడుం నిటారుగా చేసి పెరటి తలుపు వైపు చూసింది.

"దీనికి సాలలేదురా. మళ్ళీ ఎప్పుడు మారుత్తారు?"

"పదివేలు తిరగాలప్పా."

"అయితే బుధవారం కూడా రా" అంది.