చీరన్నర కోర్టు

కళావతి ఇంట్లో గోడకున్న క్యాలెండర్ చూస్తే ఈవిడకు భక్తి బాగా ముదిరిందనుకుంటారు ఎవరైనా. ఉగాది, శ్రీరామనవమి, రంజాన్, వినాయక చవితి, క్రిస్మస్, ఏ పండుగనూ వదలకుండా ఎర్ర అంకెల చుట్టూ బాల్‌పెన్నుతో సున్నాలు చుట్టి ఉంటాయి. జెండా పండుగలకైతే రెండేసి సున్నాలు. భక్తీ లేదు, పాడూ లేదు. అవన్నీ ఆడపిల్లల కబడ్డీ ప్రాక్టీసు రోజులు.

కోరుట్లలో ఆ వాడంతా బీడీలు చుట్టే ఇళ్ళే. బడి నుంచి వచ్చిన పిల్ల పుస్తకాల సంచి దించి, తల్లి పక్కన కూర్చుని, చేట ఒళ్ళో పెట్టుకోవాల్సిందే. ఆదివారం కార్ఖానాకు సెలవు గాని ఇంటికి కాదు. సోమవారం బీడీలకు ఆకు కత్తిరించేది ఆనాడే. పండుగ సెలవు అలా కాదు. ముందురోజే బీడీలు అప్పజెప్పి, చేటలు దులిపి గోడకు ఆనించేస్తారు. ఆ ఒక్క పూట పిల్లల చేతులు ఖాళీ. కళావతి ఆ పూటను పట్టుకుంది.

ఏడాది మొత్తానికి పద్దెనిమిది రోజులు వచ్చేవి. లోకమంతా ఇంకాసేపు పడుకుందామనుకునే రోజున పొద్దున్నే ఆరింటికి వాడలో ఆమె విజిల్ మోగేది. రైసుమిల్లు వెనక ఖాళీ ప్లాటులో పిల్లలు గుమిగూడేవాళ్ళు. ఒకతి తలంటు పోసుకుని తడిజుట్టుతో, ఒకతి నోట్లో గారె ముక్కతో. కళావతి కూడా బీడీలు చుట్టేదే. తొమ్మిదో తరగతిలో ఉండగా జోనల్ జట్టులో పేరు వచ్చింది. ఆ వారమే బీడీల గడువు మీదికొచ్చి తల్లి పంపలేదు. "బీడీలు చుట్టకుంటె కబడ్డి తింటవా?" అంది. ఆ మాట కళావతికి ముప్ఫై రెండేళ్ళ వయసులోనూ చెవిలో మోగుతూనే ఉంది. అందుకే విజిల్ కొనుక్కుంది.

టేపు మాత్రం కొనలేదు. కోర్టు గీయడానికి ఒక పాత నేత చీర ఉండేది. పొడవుకు రెండు చీరలు, పైన రెండడుగులు. వెడల్పుకు చీరన్నర. ఎప్పుడో బడిలో సారు టేపుతో కొలిచిన కోర్టును ఆమె ఇంటికి పోయి చీరతో కొలుచుకుని గుర్తు పెట్టుకుంది.

అలాంటి మనిషికి రెండువేల పదకొండు సెప్టెంబరులో, ప్రత్యేక తెలంగాణ కోసం, సకల జనుల సమ్మె వచ్చింది. బళ్ళు బంద్, ఆఫీసులు బంద్, బస్సులు బంద్. ఆకు లారీలు రాక వాళ్ళ కార్ఖానాకూ తాళం పడింది. వాడలో చేటలన్నీ గోడకు ఆనుకున్నాయి. సమ్మె మొదలైన మూడోరోజు కళావతి క్యాలెండర్ ముందు నిలబడి, నల్ల అంకెల చుట్టూ కూడా సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది.

ట్రాలీ ఆటో నడిపే మొగుడు ఓదెలు అది చూసి నవ్వాడు. "ఏమే, తెలంగాణ ఎందుకొస్తలేదో ఇప్పుడు తెల్సింది. అచ్చిందంటె నీ ప్రాక్టీసు బందయితదని నువ్వే ఆపుతున్నవ్."

"తెలంగాణ అస్తది, నా పిల్లల టీము సుత తయారైతది. నువ్వు జెర ఆటోల గాలి కొట్టిచ్చుకో, పని పడ్తది" అంది కళావతి.

పిల్లలందరిలోకీ ముందు తయారైంది రజని. పదిహేనేళ్ళది, కాళ్ళల్లో స్ప్రింగులు పెట్టినట్టు ఉంటుంది. ఆమె తల్లి నర్సవ్వ వాడలో బీడీల పెద్ద. నర్సవ్వ తల ఊపితే మిగతా తల్లులు ఊపుతారు, ఆమె మూతి ముడిస్తే వాళ్ళూ ముడుస్తారు. అందుకే కళావతి తిన్నగా ఆమె దగ్గరికే పోయి కూర్చుంది.

"నర్సక్కా, గాంధీ జయంతి నాడు జగిత్యాలల పందెం పెట్టిన్రు. యూత్ సంఘమోల్లు. సిరిసిల్ల పిల్లలు అస్తున్నరు. మనం పోదాం."

"పోండ్రి. కార్ఖాన తెరిస్తె మాత్రం ఎవల చేట వాళ్ళ ఒళ్ళకు రావాలె."

"అదే అడుగుతున్న. తెరిసినంక సుత రోజుకు ఒక్క గంట ఇడువు. పొద్దుమీకి ఐదింటి నుంచి ఆరింటి దాకా."

నర్సవ్వ పళ్ళెంలో వక్క తీసి కొరికింది. "గంటకు ఎన్ని కట్టలైతయో ఎర్కేనా నీకు? సరే, గెలిచి రాండ్రి. గెలిస్తె గంట. ఓడితె మల్ల పండుగలకే. నేనే అస్త, చూస్త."

అంతే బేరం. గెలిస్తే రోజూ ఒక గంట, ఓడితే ఏడాదికి పద్దెనిమిది రోజులు.

ప్లాటులో వానకు మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఆడేది ఎక్కడ? రోడ్డు ఖాళీగా ఉంది. రోజూ దాని మీదే సమ్మెవాళ్ళ వంటలు, బతుకమ్మలు, ధూంధాం ఆటపాటలు. సమ్మెవాళ్ళ దీక్షా శిబిరం ముందు తారు మీద కళావతి చీర పరిచింది. పొడవుకు లోటు లేదు. వెడల్పుకు ఒక్క చీర పట్టగానే తారు అయిపోయింది. ఆ పక్క మురుగు పారే మోరీ, ఈ పక్క కంకర. "ఆటకు దమ్ము గావాలె గని జాగ ఎందుకు" అని ఆమె అంతవరకే ముగ్గుపిండితో గీత గీసింది. చెయ్యి ఊరుకోక నర్సవ్వ నాలుగు మూలలా నాలుగు పద్మాలు వేసింది.

పదిహేను రోజులు ఆ రోడ్డు మీద పిల్లలు ఆడిన ఆట చూసి తీరాల్సింది. తారు మీద పడితే మోకాలి చిప్ప ఊడుతుంది, అందుకని పడకుండా పట్టడం నేర్చుకున్నారు. చేయీ చేయీ గొలుసు పట్టి, నిలబడే చుట్టేసి, వచ్చినదాన్ని బస్తాలా ఎత్తి నిలిపేసేవాళ్ళు. శిబిరంలో పెద్దమనుషులు చాయ్ గ్లాసులు కింద పెట్టి లేచి చూసేవాళ్ళు. ఒక పెద్దాయన, "కబడ్డీ కబడ్డీ అంటె ఏమస్తది బిడ్డా, తెలంగాణ తెలంగాణ అను" అన్నాడు. రజని అలాగే కూతకు పోయింది. రోడ్డు రోడ్డంతా గొంతు కలిపింది. ఆ ఊపులో ఆ పిల్ల నలుగురిని తాకి వచ్చింది. ఆ రోజు నుంచి కూత మారిపోయింది. కళావతికీ గుండె పొంగి, ఒక్కసారి కూడా వద్దనలేదు.

అక్టోబరు రెండు. ఓదెలు ట్రాలీకి జెండా కట్టి, ఏడుగురు ఆటగాళ్ళనీ ముగ్గురు అదనపు వాళ్ళనీ కళావతినీ నర్సవ్వనూ ఎక్కించుకుని జగిత్యాల దారి పట్టాడు. దారిలో ఎక్కడ రాళ్ళు అడ్డం పెట్టినా పిల్లలు నినాదం అందుకునేవాళ్ళు, రాళ్ళు పక్కకు జరిగేవి. జగిత్యాలలో గ్రౌండు చుట్టూ ఇసుకేస్తే రాలనంత జనం. గాంధీ జయంతికి వైన్‌షాపులు బంద్ గదా, మొగవాళ్ళకు వేరే పని లేదు.

సిరిసిల్ల జట్టు వేములవాడ మీదుగా వ్యానులో దిగింది. ఒకే రంగు నిక్కర్లు, వీపు మీద నంబర్లు. ఏడాది పొడవునా పొద్దున, సాయంత్రం ఆడిన పిల్లలు. వాళ్ళ కోచ్ శేఖర్ సారు కళావతి జట్టును పైనుంచి కిందికి చూశాడు. ఏ ఇద్దరి చొక్కా రంగూ ఒకటి కాదు.

"మీరేనామ్మా సెలవుల టీము?"

"మేమే సార్."

"ఇయ్యాల సుత సెలవే గద. ఇబ్బంది లేదు తియ్" అన్నాడు. వెనక ఆయన పిల్లలు కిసుక్కున నవ్వారు.

ఆట మొదలైంది. తొలి కూతకు రజని వెళ్ళింది. గీత దాటుతూనే గొంతెత్తింది, "తెలంగాణ తెలంగాణ తెలంగాణ..." ఇద్దరిని తాకి పులిలా వెనక్కి దూకింది. జనం ఊగిపోయారు. రెఫరీ మాత్రం విజిల్ ఊది చేయి అడ్డంగా ఊపాడు. కూత కబడ్డీ అనే ఉండాలి. పాయింట్లు లేవు, పైగా పాయింటు అవతలి వాళ్ళకు, కూత వాళ్ళకే.

గ్రౌండు భగ్గుమంది. ఒకాయన కండువా తిప్పుతూ గీత మీదికే వచ్చాడు. "తెలంగాణ అంటె ఫౌలా? ఎవడు చెప్పిండ్రా?" రెఫరీ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అన్నా, నేను సుత సమ్మెలున్న మాస్టర్నే. రూలు గట్లున్నది, నేనేం జెయ్యాలె?" అన్నాడు.

ఆ ఇద్దరి పాయింట్లు ఇప్పుడు అడిగితే వస్తాయి. జనం ఇప్పిస్తారు. నర్సవ్వ కూడా ముందుకు వచ్చి, "అడుగు కళావతి, నోరు లేదా?" అంది. కళావతి గీత దగ్గరికి నడిచి కండువా ఆయనకు దండం పెట్టింది.

"రూలు రూలే అన్నా. తప్పు నాది, నేనే నేర్పిన. పక్కకు జరుగుర్రి, పిల్లలు ఆడాలె."

ఇక అక్కణ్ణుంచి రజనికి కూత తడబడింది. కబడ్డీ అనబోయి ఆగడం, ఆగితే దమ్ము తప్పడం. ఇవతల సిరిసిల్ల పిల్ల సుమలత గాలిలా వచ్చేది. మధ్యలోకి రాదు, పక్క గీత వెంబడే పరుగెత్తేది. కోరుట్ల వైపు ఆ మూల కాసేది క్రాంతి. సుమలత పక్కకు ఉరికిన ప్రతిసారీ క్రాంతి చేయి చాచబోయి ఆగిపోయేది. సుమలత ఆమెను తాకి నవ్వుకుంటూ వెళ్ళిపోయేది. ఒకసారి కాదు, ఐదుసార్లు.

సగం ఆట అయ్యేసరికి ఆరు, పద్నాలుగు.

పిల్లలు తలలు వంచుకుని చుట్టూ కూర్చున్నారు. నర్సవ్వ దూరంగా నిలబడి వేళ్ళ మీద పాయింట్లు లెక్కపెడుతోంది. కళావతి పోయి క్రాంతి ముందు కూర్చుంది.

"క్రాంతీ, పిల్ల నీ ముందటికెల్లి పోతుంటె బొమ్మలెక్క ఎందుకు నిలవడ్తున్నవే?"

క్రాంతి కళ్ళు తుడుచుకుంది. "మోరీల పడ్డదనుకుంటున్న అక్కా."

"ఏందీ?"

"అక్కడికి పోతె మనకు అవుటే గదక్కా. మోరీ గద."

కళావతి నిలబడ్డది నిలబడ్డట్టే కోర్టు వైపు చూసింది. చీరన్నర వెడల్పు. తన పిల్లలు పదిహేను రోజులు ఆడింది ఒక్క చీరలో. వాళ్ళ కాళ్ళు ఇంకా కోరుట్ల రోడ్డు మీదే ఉన్నాయి. పక్కనున్న ఆ అరచీర జాగా వాళ్ళకు కనిపించనే కనిపించదు. జాగ ఎందుకు అన్నది ఎవరు? తానే. ఒక్క క్షణం తన నోటినే తాను కొట్టుకోవాలనిపించింది. ఆ వెంటనే ఒక ఉపాయం తట్టింది. సంచిలోంచి పాత నేత చీర లాగి పిల్లల మధ్య పడేసింది.

"ఇనుర్రి. మీకు అరచీర జాగ కనిపిస్తలేదు గద. మంచిదే. దాన్ని ఆ పిల్లకే ఇడిసిపెట్టుర్రి. మీరందరు మన రోడ్డంతనే నిలవడుర్రి, దగ్గర దగ్గర. జాగ చూసి అది మోరీ దిక్కు ఉరుకుతది. ఉరకనీయుర్రి. లోపలికి పోయినంక వెనకకెల్లి గొలుసు ఎయ్యుర్రి. రోడ్డు మీద ఎట్ల ఏసిన్రు?"

"నిలవడే" అన్నారు పిల్లలు.

"ఇక్కడ సుత నిలవడే. క్రాంతీ, నువ్వు మోరీకి అడ్డం గోడ. రజనీ, నువ్వు కబడ్డీ అను. తెలంగాణ జనం అంటరు, నువ్వు కబడ్డీ అను."

రెండో సగం మొదలైంది. కోరుట్ల పిల్లలు కోర్టు మధ్యలో కుప్పగా నిలబడ్డారు. పక్కన అంత జాగా ఖాళీ. శేఖర్ సారు ఫక్కున నవ్వి, "సుమా, తోవ ఇడిసిన్రు, పో" అని అరిచాడు. సుమలత పోయింది. గీత వెంబడే లోపలిదాకా పరుగెత్తింది. క్రాంతి ఈసారి ఆగలేదు, అడ్డం తిరిగింది. వెనక నుంచి నాలుగు చేతుల గొలుసు మూసుకుంది. సుమలత కింద పడి జారిపోదామని చూసింది గాని వీళ్ళు పడనిస్తేగా. నిలబెట్టి ఎత్తేశారు. ఆ పిల్ల కాళ్ళు గాలిలో ఉండగా కూత ఆగిపోయింది.

గ్రౌండంతా ఒక్కసారి లేచింది.

మళ్ళీ వచ్చింది, మళ్ళీ దొరికింది. మూడోసారికి శేఖర్ సారు నవ్వు మానేసి, "నడుమకెల్లి, నడుమకెల్లి" అన్నాడు. నడుమ ఏముంది, గొలుసే ఉంది. అవతల రజని ఒక్కొక్కటిగా తెస్తోంది. ఆమె గీత దాటినప్పుడల్లా బయట వేల గొంతులు తెలంగాణ అంటున్నాయి, లోపల ఆమె కబడ్డీ అంటోంది. రెండూ ఒకే తాళం మీద పడేసరికి దమ్ము తిరిగి వచ్చేసింది. పన్నెండు, పదిహేడు. పదహారు, పద్దెనిమిది. పందొమ్మిది, పందొమ్మిది.

చివరి కూత సిరిసిల్లది. వచ్చింది సుమలతే. తెలివైన పిల్ల, ఈసారి పక్కకు పోనే పోదు. మధ్యలో నిలబడి కాలు ఆడిస్తూ ఊరిస్తోంది. ఖాళీ కూత అయినా ఆట సమానమే. సమానమంటే నర్సవ్వ లెక్కలో గెలుపు కాదు. కళావతి విజిల్ పళ్ళ మధ్య పెట్టుకుని కొరికేస్తోంది. అప్పుడు క్రాంతి చిన్న పని చేసింది. కాలు జారినట్టు ఒక అడుగు లోపలికి తూలింది. మూలన జాగా తెరుచుకుంది. ఆశ ఆగుతుందా, సుమలత కాలు అటు తిరిగింది. ఒక్క అడుగే. ఆ అడుగులో గొలుసు పడింది.

ఇరవై, పందొమ్మిది.

ఓదెలు ట్రాలీ హారను నొక్కిన చేయి తియ్యలేదు. ఎవరు ఎవరిని ఎత్తుకున్నారో తెలియదు. శేఖర్ సారు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "అమ్మా, రోజుకు ఎన్ని గంటలు ప్రాక్టీసు మీది?"

కళావతి నర్సవ్వ వైపు చూసింది. నర్సవ్వ కొంగుతో రజని మోకాలి మీది మట్టి దులుపుతూ, తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. "ఇంతకుముందు లేకుండె సార్. ఇప్పటిసంది గంట."

సమ్మె ముగిసి కార్ఖానా తాళం తీసిన రోజు సాయంత్రం, ఐదుకు ఇంకా రెండు నిమిషాలుండగా కళావతి రైసుమిల్లు వెనక ఆరిన ప్లాటులోకి పోయింది. మనసులో కాస్త భయమే. మాట మాటే గాని బీడీ బీడీయే. పోయి చూస్తే పిల్లలందరూ ఉన్నారు. నర్సవ్వ కూడా ఉంది. చంకలో ఒక చీర, సగానికి మడిచి కుట్టేసినది.

"నీ దగ్గర ఒకటున్నది గద. ఇగో ఇది సగం. ఈపారి చీరన్నర సక్కగ కొలువు, మోరీలు గీరీలు లేకుంట" అంది. తర్వాత పొద్దు ఎంతైందో మిల్లు గోడ నీడలో చూసి, "ఊఁ, ఊదు. గంట మొదలైంది" అంది.