నిమ్మబద్దకు లొంగని క్లారినెట్

బ్యాండులో ఊదేవాళ్ళ ముందు నిలబడి నిమ్మకాయ కొరికితే చాలు, వాళ్ళ పని అయిపోయినట్టే. చూసినవాడి నోట్లో నీళ్ళూరతాయి, పెదాలు పట్టు తప్పుతాయి, పాట రావలసిన చోట బాతు అరిచినట్టు ఓ కూత వస్తుంది. ఊదేవాళ్ళందరికీ ఉండే భయమే ఇది. క్లారినెట్ బాబాయికి మాత్రం ఉండేది కాదు. ఎందుకు ఉండేది కాదో చెప్పాలంటే ముందు ఆయన బావమరిది సంగతి చెప్పాలి.

వీధి మొత్తానికీ ఆయన క్లారినెట్ బాబాయి, ఆయన భార్య పిన్ని. ఎవరి వరసలు ఎలా ఉన్నా ఆ పిలుపులు మాత్రం అవే. బాబాయికన్నా ఎంతో పెద్దవాడైన ఎదురింటి ముసలాయన కూడా గేటు దగ్గర నిలబడి "బాబాయ్ ఉన్నాడా పిన్నీ" అనే అడిగేవాడు. ఇంటి ముందు గదిలో బాబాయికి వాద్యాలు బాగుచేసే దుకాణం ఉండేది. కిటికీ కింద పొడుగాటి బల్ల, దాని మీద సన్నటి స్క్రూలు పోసిన సీసా మూతలు, బెండు ముక్కలు, గొట్టంలోకి దూర్చి తుడిచే గుడ్డలు. ఎవరిదో ట్రంపెట్ ఎప్పుడూ గోడకి వేలాడుతూ ఉండేది. ఆదివారం సాయంత్రం మాత్రం దుకాణం మూసేసి, తెల్ల చొక్కా వేసుకుని, పార్కులో బ్యాండుకి వెళ్ళేవాడు. పిన్ని తమ్ముడు అదే బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు.

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం. నెమ్మదిగా సాగే పాట ఒకటి ఉంది. మధ్యలో బ్యాండంతా ఆగిపోతుంది, క్లారినెట్ ఒక్కటే మాట్లాడుతుంది. కొత్త పెళ్ళాం మొదటి వరసలో కూర్చుని ఉంది కదా అని బాబాయి ఆ భాగం మీద వారమంతా చెమటోడ్చాడు. తీరా ఆ చోటు వచ్చేసరికి, డ్రమ్ము వెనకాల ఖాళీగా ఉన్న బావమరిది జేబులోంచి అర నిమ్మచెక్క తీసి, బావ కళ్ళల్లోకి చూస్తూ తాపీగా చప్పరించాడు. బాతు అరిచింది. పార్కంతా నవ్వింది. అప్పటి బ్యాండు మాస్టారు ఆ పాటని మళ్ళీ ఎత్తనివ్వలేదు.

"పార్కు నవ్వితే నవ్వింది. నువ్వూ నవ్వావు," అని బాబాయి తర్వాత ఎన్నేళ్ళయినా అంటూనే ఉండేవాడు.

"ఆ కూత మీరు వినలేదు. నేను విన్నాను," అనేది పిన్ని.

బాబాయి ఊరుకునే రకం కాదు. ముల్లుని ముల్లుతోనే తియ్యాలన్నాడు. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఒక నిమ్మబద్ద దవడన పెట్టుకుని, మొహం చిట్లకుండా ఉండేదాకా చప్పరించడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి నిజంగానే చిట్లడం మానేసింది. కచేరీకి ముందు ఒక బద్ద, మధ్యలో విరామం ఇస్తే ఇంకో బద్ద. ఇక బావమరిది ఎదురుగా నిలబడి కాయలకి కాయలు నమిలినా క్లారినెట్ చెక్కు చెదిరేది కాదు. "నీది నాలుక కాదు బావా, చెప్పు అట్ట," అనేవాడు తమ్ముడు. అయినా ప్రతి ఆదివారం జేబులో నిమ్మకాయ వేసుకు రావడం మానలేదు. ఆశ చావదు కదా.

దానికి తోడు జలుబు భయం ఒకటి. ఊదేవాడికి ముక్కు దిబ్బడ వేస్తే బతుకే లేదని ఎవరో చెబితే, నారింజ రంగు విటమిన్ బిళ్ళలు తెచ్చి క్లారినెట్ పెట్టెలోనే పెట్టుకున్నాడు. మింగే బిళ్ళలు కావవి, చప్పరించేవి. సాధన చేసినంతసేపూ ఒకటి బుగ్గన ఉండేది. అది కరిగితే ఇంకొకటి. ఇంత పులుపు తింటే పళ్ళు పాడవుతాయేమోనన్న ఆలోచన రాకపోలేదు. అందుకే బద్ద ఉమ్మేసిన మరుక్షణం బ్రష్షు అందుకుని, అంట్లగిన్నె తోమినట్టు పళ్ళు తోమేవాడు.

"పళ్ళేనా అవి, మాడిన మూకుడా?" అనేది పిన్ని.

"పులుపు ఆనవాలు లేకుండా కడిగేస్తున్నా. నా జాగ్రత్త నాది."

అలా ఏళ్ళు గడిచాయి. పిన్ని జుట్టు నెరిసింది. బావమరిదికి పొట్ట వచ్చి, డ్రమ్ము దాని మీదే ఆనించుకునే వీలు కలిగింది. పాత మాస్టారు పోయి కొత్తాయన వచ్చాడు. పార్కులో బ్యాండు అరుగుకి కొత్త కప్పు వేస్తున్నారనీ, అది పూర్తయ్యాక పెద్ద కచేరీ ఉంటుందనీ చెబుతూ, పాత కాగితాల్లో దొరికిందని ఒక పాట పంచిపెట్టాడు. అదే పాట.

బాబాయి ఆ కాగితం ఇంటికి తెచ్చి పిన్ని ముందు పెట్టాడు. ఆయన మళ్ళీ కొత్త పెళ్ళికొడుకులా ఉన్నాడని పిన్ని అనుకుంది.

సాధన మొదలుపెట్టిన మూడో రోజో నాలుగో రోజో పిన్ని వంటింట్లోంచి వింది. పాట సగంలో ఆగింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ అక్కడే ఆగింది. తొంగిచూస్తే బాబాయి నోట్లో పెట్టుకునే మౌత్‌పీసు ఊడదీసి వెలుగుకి పెట్టి చూస్తున్నాడు.

"ఏమైందండీ?"

"ఇది అరిగిపోయింది. గరగరలాడుతోంది."

కొత్త మౌత్‌పీసు వచ్చింది. దానికి బిగించే రెల్లు బద్దలు, అవే రీడ్లు, మారాయి. సన్న ఆకురాయితో అంచులు గీకడమూ అయింది. అయినా అదే చోట ఆగడం. క్లారినెట్ ఊదేవాడు పై పళ్ళు మౌత్‌పీసు మీద ఆనించాలి. స్వరం పలికినప్పుడల్లా ఆ అదురు పళ్ళలోకి ఎక్కుతుంది. గబుక్కున నోటితో గాలి పీల్చాల్సిన చోట ఆయన మొహం ముడుచుకుపోవడం పిన్ని చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. ఈమధ్య మంచినీళ్ళు కూడా గోరువెచ్చగా చేసి అడుగుతున్నాడు. ఐస్‌క్రీం తెస్తే "నువ్వు తిను, నాకు గొంతు పట్టేస్తుంది" అన్నాడు.

"పళ్ళు పులిశాయా?" అంది.

"ఛ, ఛ. మౌత్‌పీసే."

అప్పుడే అరటిపళ్ళు పట్టుకుని వచ్చిన తమ్ముడు గుమ్మంలోంచే అందుకున్నాడు. "ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే బావా."

"నువ్వు ఆ అరటిపళ్ళు అక్కడ పెట్టి వెళ్ళరా," అన్నాడు బాబాయి. మామూలుగా అయితే దానికి నాలుగు జవాబులు చెప్పేవాడు. తమ్ముడు కూడా ఓ క్షణం అక్క వైపు చూసి, పళ్ళు గుమ్మం దగ్గరే పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బాబాయి క్లారినెట్‌ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కా తుడిచి పెట్టెలో సర్దాడు. "మాస్టారికి చెప్పేస్తాను. ఆ భాగం రెండో క్లారినెట్‌కి ఇవ్వమని. అసలు ఈ వయసులో నాకెందుకే ఇది, దుకాణం చూసుకుంటే చాలదూ," అన్నాడు. చెయ్యి మాత్రం పెట్టె మూత మీదే ఉండిపోయింది. పిన్ని లైటు వేసి, పెట్టెలోంచి నారింజ బిళ్ళల సీసా తీసి తన సంచిలో వేసుకుంది. మర్నాడు పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ చిన్నది. మంచిగా మాట్లాడే పిల్ల. చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూసింది. గాలి ఊదింది. బాబాయి కుర్చీలోంచి అరంగుళం పైకి లేచాడు.

"పగుళ్ళు లేవు, పుచ్చులూ లేవు. పై పొరే బాగా అరిగింది. పులుపు ఎక్కువ తింటారా అండీ?"

"అబ్బే. ఇంట్లో ఏం వండితే అదే."

పిన్ని సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి రోజంతా బుగ్గనే ఉంటాయమ్మా. పొద్దున్నే నిమ్మబద్ద. కచేరీకి ముందు ఇంకోటి. ఆ వెంటనే బ్రష్షు పెట్టి రుద్దుడు."

"వెంటనే రుద్దుతారా?"

"మరి కడుక్కోవద్దా?" అన్నాడు బాబాయి, తన జాగ్రత్తకి మెచ్చుకుంటారేమోనని.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "గోడకి రంగు వేశారనుకోండి. తడి ఆరకముందే చీపురు పెట్టి ఊడిస్తే ఏమవుతుంది? పులుపు తగలగానే పంటి మీది గట్టి పొర కాసేపు మెత్తబడుతుంది. అప్పుడు తోమితే అరిగేది మురికి కాదండీ, పన్నే. పులుపు తిన్నాక ఉత్త నీళ్ళతో పుక్కిలించండి చాలు. గంట ఆగి తోముకోండి, మెత్తటి బ్రష్షుతో, నెమ్మదిగా."

"ఈ బిళ్ళలు?"

"అసలు అవసరమో కాదో మీ డాక్టరు గారిని అడగండి. కావాలంటే నీళ్ళతో మింగేసే రకం దొరుకుతుంది. బుగ్గన పెట్టుకోవద్దు. నిమ్మరసం తాగాలనిపిస్తే భోజనంతో పాటు తాగెయ్యండి, గుక్క గుక్క చప్పరిస్తూ కూర్చోవద్దు. పళ్ళు జివ్వుమనకుండా ఒక పేస్టు రాసిస్తాను. తోముకున్నాక నురగ ఉమ్మెయ్యండి, నీళ్ళతో కడిగెయ్యకండి. పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. అరిగిన పొర తిరిగి రాదు గానీ, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. నొప్పి తగ్గుతుంది." చిగుళ్ళ దగ్గర బాగా గుంటపడిన ఒక పన్నుకి ఆరోజే మందు పూసి కప్పేసింది.

బాబాయి లేవలేదు. "నిమ్మబద్ద పూర్తిగా మానెయ్యాలా?"

"చప్పరించడం మానెయ్యాలి."

"మానేస్తే వాడు ఊరుకోడమ్మా."

"ఎవరు?"

"మా తమ్ముడు," అంది పిన్ని. డాక్టరమ్మకి ఆ కథంతా చెప్పాల్సి వచ్చింది. బయట కూర్చున్నవాళ్ళు లోపల నవ్వులెందుకో అర్థంకాక తలుపు వంక చూశారు.

ఇంటికి వచ్చే దారిలో పిన్ని అంది, "తమ్ముడికి నేను చెబుతాను. ఈ ఒక్కసారికీ ఆ నిమ్మకాయ ఇంట్లో పెట్టి రమ్మంటాను."

"చెప్పావంటే క్లారినెట్ ముట్టను. ఇన్నేళ్ళ పరువు."

పిన్ని చెప్పలేదు.

బాబాయి మాట నిలబెట్టుకున్నాడు. బిళ్ళల సీసా ఉండే చోట తుడుపుగుడ్డ చేరింది. పొద్దున్న నిమ్మబద్ద టైముకి ఏం చెయ్యాలో తోచక వీధిలో నడిచి వచ్చేవాడు. మౌత్‌పీసు మీద పళ్ళు ఆనే చోట పలచటి రబ్బరు ముక్క అంటించుకున్నాడు. నేర్చుకునే పిల్లలకి తనే అంటించేవాడు దాన్ని, "పళ్ళకి పరుపు" అని వెక్కిరిస్తూ. ఇప్పుడు వెక్కిరింత మింగి తన పళ్ళకీ పరుచుకున్నాడు. మొదట్లో ఏ తేడా కనపడలేదు. "పేస్టు కాదు, సున్నం," అని విసుక్కున్నాడు. పిన్ని వినిపించుకోలేదు. ఒకరోజు దుకాణంలో పనిలో పడి, పక్కనున్న చన్నీళ్ళ గ్లాసు ఎత్తి గటగటా తాగేసి, తాగాక ఆ సంగతి గమనించి, ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. పిన్ని గ్లాసు తీసుకుని మళ్ళీ నింపి ఇచ్చింది.

పళ్ళు దారికి వచ్చాయి. నోరు మాత్రం మామూలు మనిషి నోరైపోయింది. పక్కింట్లో ఎవరో నిమ్మకాయ కోస్తే వాసనకే నీళ్ళూరుతున్నాయని పిన్నికి రహస్యంగా చెప్పాడు.

కచేరీ రోజు కొత్త కప్పు కింద బ్యాండు కూర్చుంది. చల్లటి గాలి. పిన్ని మొదటి వరసలోనే కూర్చుంది. తమ్ముడి చొక్కా జేబు గుండ్రంగా ఉబ్బి ఉండడం అక్కడినించే కనిపించింది. పాట మొదలైంది. ఆ చోటు వచ్చింది. బ్యాండు ఆగింది. తమ్ముడు జేబులో చెయ్యి పెట్టాడు.

బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

గట్టిగా మూసుకున్నాడు, మందు తాగే పిల్లాడిలా. క్లారినెట్ పలికింది. పిన్నికి ఆ పాట మొత్తం వినడం అదే మొదటిసారి. డ్రమ్ము వెనకాల తమ్ముడు నిమ్మచెక్క చప్పరించాడు, జుర్రాడు, ఇంకో చెక్క తీశాడు. బావ చూస్తే కదా. చివర్లో ఒక స్వరం ఉంది. డ్రమ్ము అందుకునేదాకా దాన్ని పట్టి ఉంచాలి. ఎప్పుడు వదలాలో మాస్టారి చెయ్యి చూస్తే తెలుస్తుంది. కళ్ళు మూసుకున్నవాడికి డ్రమ్మే దిక్కు. ఆ డ్రమ్ము వాయించాల్సినవాడేమో రెండు చెక్కల పులుపుకి కళ్ళు చిట్లించి, మాస్టారి చెయ్యి చూడలేదు. స్వరం సాగింది. ఇంకా సాగింది. జనం ముందుకి వంగారు. మాస్టారు చెయ్యి మళ్ళీ ఊపాడు. బాబాయి మెడ ఎర్రబడింది. చివరికి చెక్క పళ్ళ మధ్యే ఉంచుకుని తమ్ముడు పుల్లలు అందుకున్నాడు.

డ్రమ్ము మోగగానే బాబాయి నోరంతా తెరిచి గాలి పీల్చాడు. అంత చల్లటి గాలి, ఆ పళ్ళ మీదుగా. పిన్ని ఆయన మొహమే చూసింది. మొహం ముడుచుకోలేదు. అప్పుడు ఆయన కళ్ళు తెరిచి మొదటి వరస వంక చూశాడు. ఈసారి పిన్ని నవ్వితే ఆయన తప్పు పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు దవడ పట్టుకుని వచ్చాడు. "అక్కా, నిన్నటినించీ పళ్ళు జివ్వుమంటున్నాయే. రాత్రి వచ్చీరాగానే గట్టిగా తోమాను కూడా."

"తడి రంగు మీద చీపురు వేశాడు," అన్నాడు బాబాయి దుకాణంలోంచి.

ఆనాటి నుంచీ బాబాయి ఆ భాగం ఎప్పుడు వాయించినా కళ్ళు మూసుకునే వాయించాడు. ఫొటోల్లోనూ అలాగే పడ్డాడు. ఆయన పోయాక మాస్టారు, బ్యాండువాళ్ళు, వీధివాళ్ళు ముందు గదిలో ఆ పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని అదే చెప్పుకున్నారు. పాటలో అంతగా లీనమైపోయే మనిషిని చూడలేదనీ, ఆ ఊపిరి ఇంకెవరికీ రాదనీ. పిన్ని వాళ్ళ మాట కాదనలేదు.

అందరూ వెళ్ళాక తమ్ముడు ఫొటో ముందు నిలబడ్డాడు. "నిజం చెప్పక్కా. బావ లీనమయ్యే కళ్ళు మూసుకునేవాడా?"

"లీనమయ్యేంత తీరిక ఆయనకి నువ్వెప్పుడిచ్చావురా," అంది పిన్ని.

తమ్ముడు తల వంచుకున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమోననుకుంది. మొహం ఎత్తితే రెండూ ఉన్నాయి, ఏడుపూ నవ్వూ. వెళ్ళేముందు జేబులోంచి నిమ్మకాయ తీసి, ఏం చెయ్యాలో తెలియనట్టు బల్ల మీద పెట్టాడు. ఆదివారం కదా, అలవాటు.

పిన్ని దాన్ని కోసింది. గ్లాసులో పిండుకుని, భోజనం చేస్తూ తాగేసింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి ఉత్త నీళ్ళతో పుక్కిలించింది. బ్రష్షు జోలికి మాత్రం పోలేదు.