నడి స్టేజీ మీద హుక్కు

న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకశాలల్లో ముప్ఫై ఏళ్లుగా తెర చాటున నటులకు బట్టలు మార్చడమే ఫిలోమినా పని. చీకట్లో ఎవరి కంటా పడకూడదని నల్లబట్టలే కట్టేది. అప్పట్లో అక్కడ, ఒక నాటక కంపెనీ పడే తంటాలనే కథగా అల్లిన పాటల హాస్యనాటకం ఆడుతున్నారు. ఒక మధ్యాహ్నం ఆటలో, గౌను వెనక హుక్కు పెట్టకముందే హీరోయిన్ స్టేజీ మీదికి పరిగెత్తింది.

"ఆగవే తల్లీ, వీపంతా బయటే ఉంది!" అని అరుస్తూ ఫిలోమినా వెంటపడింది. హుక్కు పెట్టి తలెత్తితే ఎదురుగా వెయ్యిమంది జనం! ఇదీ నాటకంలోదే అనుకుని హాలంతా పగలబడి నవ్వింది.

ఆట అయ్యాక దర్శకుడు ఆర్విన్ వచ్చి, "రేపట్నుంచి రోజూ ఇలాగే రావాలి ఫిలోమినా," అన్నాడు.

"వస్తాలేవయ్యా. మరి నాకు బట్టలు తొడిగే మనిషేదీ?"